ప్రోనోటు గడువు: నోటీసు ఇస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా బంధువు 2023 ఆగస్టు 10న, అడిగినప్పుడు తీరుస్తానని ప్రోనోటు రాసి రూ.2 లక్షలు తీసుకున్నారు. మధ్యలో రూ.20 వేలు నగదుగా ఇచ్చారు, రాత ఏమీ లేదు. లాయరు నోటీసు ఇస్తే గడువు పెరుగుతుందా?

జవాబు: పెరగదు. చాలామంది నష్టపోయేది ఈ అపోహతోనే. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం ఇలాంటి నోటుకు రాసిన తేదీ నుంచి 3 ఏళ్లే గడువు. అంటే 2026 ఆగస్టు 10లోగా దావా దాఖలు కావాలి. ఆ రోజు కోర్టుకు సెలవైతే తిరిగి తెరిచిన రోజు వేయవచ్చు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు దావాలకు లేదు. ప్రతివాది అభ్యంతరం చెప్పకపోయినా కాలదోషం పట్టిన దావాను కోర్టు కొట్టేయాల్సిందే.

రాత లేని ఆ రూ.20 వేలు గడువును పెంచవు. ఇప్పుడైనా, గడువు తీరకముందే, కొంత సొమ్ము తీసుకుని నోటు వెనక తేదీ, మొత్తంతో చెల్లు రాయించి ఆయన సంతకం పెట్టించండి. చెల్లించిన తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు వస్తాయి. బాకీ ఉందని సంతకం చేసిన ఉత్తరమైనా చాలు.

సంతకానికి వెనకాడితే ఎదురుచూడకండి. అసలు నోటు, కోర్టు ఫీజుతో ఆయన నివసించే ప్రాంతపు సివిల్ కోర్టులో దావా వేయండి. అందిన రూ.20 వేలు దావాలో తప్పక చూపండి.