మిర్చి ఎగుమతి ఆఫీసులో బయ్యర్లను ఇంగ్లీషులో ప్రశ్నలు అడగడం ఎలా?

గుంటూరులో మిర్చి ఎక్స్‌పోర్టు ఆఫీసులో కొత్తగా చేరానని, అవతలివాళ్లు అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పగలుగుతున్నా నేనే ఏదైనా అడగాల్సి వస్తే నోరు పెగలట్లేదని మీరు రాశారు. నేనూ మిర్చి మార్కెట్ యార్డు దగ్గర అలాంటి ఆఫీసులోనే డాక్యుమెంట్లు చూస్తాను, తెలుగు మీడియంలోనే చదివాను. ఇది మీ ఒక్కరి ఇబ్బంది కాదండీ. జవాబులో సగం వాక్యాన్ని ప్రశ్న అడిగినవాళ్లే అందిస్తారు. 'హావ్ యు షిప్డ్ ఇట్?' అంటే 'యెస్, వి హావ్' అంటే సరిపోతుంది. అడగాలంటే మాత్రం వాక్యం మొత్తం మనమే కట్టుకోవాలి.

తెలుగులో 'సరుకు పంపారు' అన్నదానికి చివర దీర్ఘం తీస్తే ప్రశ్న అయిపోతుంది. ఇంగ్లీషులో అది మొదట్లోనే తెలియాలి, అందుకని డు, డిడ్, విల్, హావ్ లాంటివి కర్త (యు, హి లాంటి మాట) కంటే ముందుకొస్తాయి. మన దగ్గర ఎక్కువగా వినపడేది 'వెన్ యు విల్ సెండ్ ద అడ్వాన్స్?'. అర్థమవుతుంది, కానీ 'వెన్ విల్ యు సెండ్' అనాలి. డిడ్ వచ్చాక అసలు క్రియను మళ్లీ భూతకాలంలోకి మార్చక్కర్లేదు: 'డిడ్ యు రిసీవ్ ద శాంపిల్?' చాలు. 'హు అప్రూవ్డ్ ద శాంపిల్?' లాంటి వాటికి డిడ్ కూడా వద్దు, ఎందుకంటే అక్కడ హు అనేదే కర్త.

ఇంతవరకు చాలామంది నేర్చుకుంటారు. తర్వాతి మెట్టు మీదే తడబడతారు. 'వేర్ ఈజ్ ద కంటైనర్?' అని సరుకు రవాణా చూసే ఫార్వర్డింగ్ ఏజెంటును అడగొచ్చు గానీ, బయ్యర్‌తో అంత సూటిగా బాగుండదు. 'కుడ్ యు టెల్ మి' అని మొదలుపెడితే మర్యాదగా ఉంటుంది. అయితే అప్పుడు తిరగేసిన వరస మళ్లీ మామూలు వరసకు వచ్చేస్తుంది: 'కుడ్ యు టెల్ మి వేర్ ద కంటైనర్ ఈజ్?'. అవునా కాదా అని అడిగేదైతే మధ్యలో ఇఫ్ పెట్టండి: 'కుడ్ యు కన్ఫర్మ్ ఇఫ్ యు హావ్ పెయిడ్ ద అడ్వాన్స్?'. నన్నడిగితే మెయిళ్లలో ఈ ఒక్క పద్ధతి బాగా పట్టుబడినా సగం టెన్షన్ పోతుంది.

నాట్‌తో వచ్చే ప్రశ్నల దగ్గర మాత్రం జాగ్రత్త. మనం 'పంపలేదా?' అంటే 'అవును, పంపలేదు' అంటాం. ఇంగ్లీషులో పంపకపోతే 'నో, వి హావెంట్' అనాలి. మా ఆఫీసులో ఒకాయన 'హావెంట్ యు సెంట్ ద ఫైటో సర్టిఫికెట్?' (సరుకుకు చీడపీడలు లేవని ఇచ్చే పత్రం) అన్న బయ్యర్ ప్రశ్నకు ఫోన్లో 'యెస్' అని ఊరుకున్నారు. సర్టిఫికెట్ బయల్దేరిందనుకుని బయ్యర్ ఎదురుచూస్తూ కూర్చున్నాడు. అసలు అలాంటి ప్రశ్నలు మీరు వేయకండి, నిలదీసినట్టు కూడా ఉంటుంది. 'హావ్ యు సెంట్' అంటే సరి.

ఇక, వ్యాకరణం ఎంత బాగున్నా 'వాట్ క్వాలిటీ డు యు వాంట్?' అంటే 'గుడ్ క్వాలిటీ' అనే జవాబే వస్తుంది. దాంతో ఏం కొంటాం? ప్రశ్నను చిన్న ముక్కలు చేయండి. తేజ రకం కావాలా, 334 రకం కావాలా? 'డు యు నీడ్ ఇట్ విత్ స్టెమ్ ఆర్ స్టెమ్‌లెస్?' అంటే తొడిమ సంగతి తేలిపోతుంది. 'వాట్ ఈజ్ ద మ్యాగ్జిమమ్ మాయిశ్చర్ యు కెన్ యాక్సెప్ట్?' అంటే తేమ శాతం అంకెల్లో వస్తుంది. రంగును కొలిచే ఆస్టా విలువ, కారాన్ని కొలిచే ఎస్‌హెచ్‌యూ అంకె కూడా అలాగే అడగండి. ఏసీ సరుకు, అంటే కోల్డ్ స్టోరేజీలో నిల్వ ఉంచినది, ఫర్వాలేదా అని అడగాలంటే 'ఈజ్ కోల్డ్ స్టోరేజ్ స్టాక్ ఓకే ఫర్ యు?' అనండి. కొత్త పంట సీజన్ కాని నెలల్లో ఇది అడక్కుండా రేటు ఇవ్వకూడదు. ఆఫీసులో పాత మెయిళ్లు ఉంటాయి కదా, వాటిలో బయ్యర్లు అడిగిన ప్రశ్నల్ని నోట్‌బుక్‌లో ఎక్కించుకుని, మన సరుకు పేర్లు మార్చి పైకి చదవండి. స్పోకెన్ ఇంగ్లీష్ పుస్తకాల్లో హోటల్లో ఏం తింటారు అనే ప్రశ్నలు దొరుకుతాయి గానీ ఇవి దొరకవు.

ఫోన్లో ఒక మాట వినపడకపోతే 'వాట్?' అనకండి, విన్నంతవరకు చెప్పి మిగతాది అడగండి. ముఖ్యంగా అంకెల దగ్గర. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్లో ఒకేలా వినపడతాయి. 'సారీ, డిడ్ యు సే వన్ ఫైవ్ ఆర్ ఫైవ్ జీరో?' అని అడిగేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఫోన్ పెట్టేశాక అదే అంకెను మెయిల్లో రాసి 'ఈజ్ దిస్ కరెక్ట్?' అని పంపండి, యెస్ అని రాతపూర్వకంగా వచ్చాకే సరుకు కొనమని యార్డుకు చెప్పండి.