ఫ్యాక్టరీలో పెట్టే గుండె పరీక్షల క్యాంపుకు పోవాలా?

"మా కంపెనీలో గుండెజబ్బులు రాకుండా ఏదో ప్రోగ్రామ్ పెడతారంట, పోతే లాభముందా, ఊరికే ఫోటోల కోసమా?" అని అడిగినారు. పోండి. కాకపోతే ముందు ఒక్క మాట అడగండి: రిపోర్టు ఎవరి చేతికి పోతుంది?

నేను ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్. మా దగ్గర మొదటి క్యాంపు సెప్టెంబర్ 29న, వరల్డ్ హార్ట్ డే అని బ్యానర్ కట్టి పెట్టినారు. బీపీ, షుగరు, ఈసీజీ చూసి, పోయేటప్పుడు అందరికీ మిరపకాయ బజ్జీలు పెట్టినారు! పర్మినెంటు వాళ్లమంతా పోయినాం. కాంట్రాక్టు లోడింగ్ వాళ్లు ఒక్కరూ రాలేదు. బీపీ ఉందని తేలితే 'అన్‌ఫిట్' అని గేట్ పాస్ ఆపేస్తారని వాళ్ల భయం. బస్తాలు మోసేది వాళ్లే, నైట్ షిఫ్టులు ఎక్కువ చేసేదీ వాళ్లే.

ఆ రోజు నాకు బీపీ ఎక్కువే, 160/100 వచ్చింది. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఇంక జబ్బేంది అనుకొని కాగితం బీరువాలో పడేసినా. బీపీ చాలామందిలో ఏ గుర్తూ చూపించదని అప్పటికి తెలీదు. ఆ ఏడే లోడింగ్‌లో ఒకాయనకు ఎద పట్టేస్తే, గ్యాస్ అనుకొని సోడా తాగి షిఫ్టు పూర్తి చేసినాడు. కర్నూలు తీసుకుపోయి స్టెంట్ వేయించేసరికే గుండె కొంత దెబ్బతినింది.

దాంతో పద్ధతి మారింది. రిపోర్టు డాక్టరుకు, ఆ మనిషికి మాత్రమే; మేనేజరుకు పేర్లు లేకుండా లెక్కలు. ఇది నోటీసు బోర్డులో పెట్టినాకే కాంట్రాక్టు వాళ్లు ఒకరొకరే రావడం మొదలుపెట్టినారు. ఇప్పుడు డిస్పెన్సరీలో పదహైదు రోజులకోసారి బీపీ చూసి కార్డులో రాస్తారు. నేను మాత్ర వాడుతున్నా. బీడీ మానిన ఏడాదికి గుండెపోటు ముప్పు, తాగేవాళ్లతో పోలిస్తే సగానికి తగ్గుతుందని డాక్టరు చెప్తే ఇద్దరు మానేసినారు. మిగతావాళ్లు రేపు రేపంటున్నారు.

క్యాంటీన్ కథ వేరే. రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటకూడదు. ఊరగాయ, అప్పడం, ఊరమిరపకాయలతోనే మాకు చాలావరకు అయిపోతుంది. టేబుళ్ల మీద ఉప్పు డబ్బాలు తీయించింది నేనే, వారం రోజులు నన్ను తిట్టని వాడు లేడు. వారానికి మూడు దినాలు రాగిసంగటి పెట్టినాక సద్దుమణిగినారు. చెనిక్కాయ చట్నీలో ఉప్పు తగ్గించేదానికి మాత్రం వంటాయన ఇప్పటికీ ఒప్పుకోలేదు.