అడగకుండా తీసేసిన పేరు

ప్రశ్న: పీహెచ్‌డీ అయ్యాక క్యాన్సర్ పరిశోధన ల్యాబ్‌లో చేరాను. బాబు పుట్టినప్పుడు ఏడాది సెలవు పెట్టి తిరిగొచ్చేసరికి నేను డిజైన్ చేసిన అధ్యయనం వేరొకరి చేతిలో ఉంది. "చంటిపిల్లాడితో నీకెందుకమ్మా ఇబ్బంది" అన్నారు మా గైడ్. ఆయన మంచివారే. ఫెలోషిప్‌కి దరఖాస్తు చేద్దామంటే ఆ ఏడాది ఖాళీ చూసి పక్కన పెడతారేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ఆయన మంచివారే కావచ్చమ్మా, కానీ మీ తరఫున నిర్ణయం మిమ్మల్ని అడగకుండానే తీసేసుకున్నారు, ఎందరో ఆడవాళ్ల పరిశోధన ఆగిపోతున్నది ఇలాంటి చోటే. కసిరేవాళ్లకైతే ఎదురు చెప్పొచ్చు, మన మేలు కోరి పని తీసేసుకునేవాళ్లతో ఏం మాట్లాడాలో తోచదు. అయినా మాట్లాడండి, ఈ వారమే. ఆ అధ్యయనంలో మీ పాత్ర ఏమిటో, పేపర్‌లో మీ పేరు ఎన్నో స్థానంలో ఉంటుందో మెయిల్‌లో రాయించుకోండి. ఇంకో సంగతి: చాలా మెడికల్ జర్నళ్లు పాటించే ఐసీఎంజేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) నియమాల ప్రకారం డిజైన్ చేసినంత మాత్రాన రచయిత కారు, పేపర్ రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, తుది ప్రతికి ఆమోదం చెప్పాలి, దానికి బాధ్యత వహించాలి. కాబట్టి డ్రాఫ్ట్ మీ దగ్గరికి రావాల్సిందేనని పట్టుబట్టండి.

ఇక ఆ ఏడాది ఖాళీ. దాచొద్దు, సంజాయిషీలూ వద్దు, తేదీలతో ఒక్క వాక్యం రాస్తే చాలు. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ స్టార్టింగ్ గ్రాంట్ లాంటివాటికి పీహెచ్‌డీ అయ్యాక ఇన్నేళ్లలోపే దరఖాస్తు చేయాలన్న గడువును తల్లులకు ఒక్కో బిడ్డకు 18 నెలలు పెంచుతుంది. మీరు దరఖాస్తు చేసే సంస్థలో ఇలాంటి సడలింపు ఉందేమో ముందే కనుక్కోండి.

మీ భయం ఉత్తిదేమీ కాదు. కెనడాలో ఆరోగ్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థకు వచ్చిన దాదాపు 24 వేల దరఖాస్తులను పరిశీలించి 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఓ అధ్యయనం ప్రచురించారు. ప్రతిపాదించిన పరిశోధన ఎలా ఉందన్నదే ప్రధానంగా చూసిన పథకంలో గ్రాంట్ దక్కడంలో మగవాళ్లకంటే ఆడవాళ్లు 0.9 శాతం పాయింట్లు వెనకబడితే, దరఖాస్తు చేసిన మనిషి ఎంత గొప్పవారన్నది చూసిన పథకంలో 4 పాయింట్లు వెనకబడ్డారు. అందుకే ప్రతిపాదనకే ఎక్కువ మార్కులుండే పథకం దొరికితే ముందు దానికే పంపండి.

ఇది చదివే గైడ్‌లకు ఒక మాట. సలహాలు మీరు బాగానే ఇస్తారు, గ్రాంట్ కమిటీలోనో సదస్సు వక్తల జాబితా వేసేటప్పుడో మీ దగ్గర పనిచేసే పరిశోధకురాలు లేనిచోట ఆమె పేరు కూడా మీరే ఎత్తాలి. సెలవులో ఉన్నప్పుడు ప్రాజెక్టు ఆగకుండా ఎవరినైనా తాత్కాలికంగా పెట్టండి, తిరిగి రాగానే ఆమెకే అప్పగించండి.

మీ గైడ్ ఎంతకీ వినకపోతే ఆ మెయిళ్లన్నీ పట్టుకుని విభాగాధిపతిని కలవండి.