పడవలోకి నీళ్లు: పెద్ద పంపు పెడితే చాలా?

ప్రశ్న: మాది 34 అడుగుల పాత సెయిలింగ్ యాట్. పోయిన వారం గాలికి బాగా ఒరిగి వెళ్తుంటే కేబిన్‌లో నేలచెక్కల పైకి నీళ్లొచ్చేశాయి. పంపు తోడేసింది కానీ, ఆ కాసేపూ పడవ మళ్లీ నిటారుగా లేవడానికి మొరాయించినట్టు అనిపించి చాలా టెన్షన్ పడ్డాం. ఇంకా పెద్ద పంపు పెట్టిస్తే సరిపోతుందా?

జవాబు: పంపు సంగతి తర్వాత. ముందు ఆ నీళ్లు ఎక్కడివో తేల్చండి. ఈసారి కనిపిస్తే ఒక చుక్క నాలుక మీద వేసుకోండి. చప్పగా ఉంటే మంచినీళ్ల ట్యాంకు కారుతోంది, ఉప్పగా ఉంటే సముద్రమే లోపలికొస్తోంది. ఒరిగినప్పుడే వచ్చాయంటున్నారు కాబట్టి నా మొదటి అనుమానం పంపు నీళ్లు బయటికి వదిలే గొట్టం మీదే, ఎందుకంటే మామూలుగా నీటికి పైనుండే ఆ రంధ్రం పడవ ఒరిగితే మునుగుతుంది, లోపల గొట్టాన్ని ఎత్తుగా వంపు తిప్పి ఆ వంపు మీద గాలి పీల్చే వాల్వు పెట్టకపోతే పంపు ఆగగానే నీళ్లు అదే దారిన వెనక్కి వచ్చేస్తాయి. టాయిలెట్ గొట్టానిదీ ఇదే కథ.

తర్వాత సీకాక్‌లు, అంటే పడవ గోడలోని రంధ్రాలకు గొట్టాలు కలిసే చోట ఉండే వాల్వులు. ప్రతిదాన్నీ చేత్తో తిప్పి మూసి, తెరిచి చూడండి. ఇత్తడివైతే చాకు మొనతో కాస్త గీకండి, పసుపు బదులు గులాబీ రంగు తేలితే లోపలి జింక్ పోయి గుల్లబారినట్టే, ఇంక ఆలోచించకుండా మార్చేయండి. ఒక్కోదాని పక్కన సరిపోయే మెత్తటి చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచండి. నీటికి 60 సెంటీమీటర్ల కింద 38 మిల్లీమీటర్ల గొట్టం ఊడితే నిమిషానికి దాదాపు 140 లీటర్లు లోపలికొస్తాయి. పంపు డబ్బా మీద రాసిన అంకె చూసి ధైర్యపడకండి, నీళ్లు పైకెక్కాలి, గొట్టం మలుపులు దాటాలి, చివరికి బయటపడేది అందులో బాగా తక్కువ. పంపు మీకు కాస్త టైమ్ ఇస్తుంది, అంతే.

పడవ మొరాయించడం మీ భ్రమ కాదు. 500 లీటర్లంటే అర టన్ను. అది ఒకచోట కుదురుగా ఉండదు, పడవ ఎటు ఒరిగితే అటే పరిగెత్తి, కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) బరువు పైకి లేపుతుంటే తను కిందికి లాగుతుంది. కీల్ మీదున్న ఇరుకు గుంటలో ఉన్నంతసేపూ పెద్ద బాధ లేదు, నేలచెక్కల మీద పరుచుకుందా, అసలు ప్రమాదం అప్పుడే, నీళ్లు పరుచుకున్న వెడల్పు రెట్టింపైతే ఆ దెబ్బ ఎనిమిది రెట్లవుతుంది. అందుకే ముందు తెరచాపలు వదులు చేసి పడవను నిటారుగా తెచ్చుకోండి, ఆ తర్వాతే తోడటం. చిల్లు ఒక పక్కనే ఉందని తెలిస్తే మాత్రం ఆ పక్క పైకి లేచేలా పడవను తిప్పుకోండి.

కేబిన్ ద్వారం పలకలనూ తాడుతో కట్టండి, లోపలి నుంచీ బయటి నుంచీ గడియ పడాలి. 1979లో బ్రిటన్ దగ్గర సముద్రంలో జరిగిన ఫాస్ట్‌నెట్ యాట్ రేసు తుఫానులో పడవలు బోల్తా కొట్టినప్పుడు ఈ పలకలు జారిపోయి నీళ్లు నిండిన ఉదంతాలున్నాయి. ఆ రేసులో 15 మంది పోటీదారులు చనిపోయారు. సిబ్బంది వదిలేసిన 24 పడవల్లో మునిగినవి 5, మిగతావి తర్వాత తేలుతూ దొరికాయి.

ముందు ఆ గొట్టం చూడండి. నీళ్ల రుచి ఏంటో రాయండి, అక్కడి నుంచి ఆలోచిద్దాం.