చనువు తిట్టు నలుగురిలో ఎందుకు గుచ్చుకుంది?

ప్రశ్న: నేనూ నా స్నేహితుడూ చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగాం. వాడు నన్ను 'ఒరేయ్ దొంగ వెధవా' అనే పిలుస్తాడు, నేనూ వాణ్ని అంతే. ఎప్పుడూ నొచ్చుకోలేదు. ఇప్పుడు ఒకే ఆఫీసులో పనిచేస్తున్నాం. మొన్న నా కింద కొత్తగా చేరిన పిల్లల ముందు నవ్వుతూనే అలా పిలిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అడిగితే, 'ఎప్పుడూ అనే మాటే కదరా, ఇవాళ కొత్తగా ఏమొచ్చింది?' అంటాడు. నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

జవాబు: అతి ఏమీ లేదు బాబూ. మీ స్నేహితుడు చెప్పిందీ అబద్ధం కాదు, మాట పాతదే. కాకపోతే తిట్టు అర్థం ఎవరు, ఎవరిని, ఏ గొంతుతో, ఎవరి ముందు అన్నారన్న దాన్ని బట్టి తేలుతుంది.

నేను చాలాకాలం రేడియో నాటకాల్లో వేషాలు వేసినదాన్ని. అక్కడ మొహం కనపడదు, ఉన్నదంతా గొంతే. స్క్రిప్టులో 'నీ దుంపతెగ' అని వస్తే, ఎవరితో అంటున్నానో ముందు కనుక్కునేదాన్ని. మనవడితో అయితే చివర సాగదీసి, నవ్వు లోపల దాచుకుని పలకాలి. అది మురిపెం. అప్పు ఎగ్గొట్టినవాడితో అయితే 'దుంప' మీద ఒత్తి, 'తెగ' దగ్గర పుటుక్కున తెంపేయాలి. అది శాపం. రెంటికీ అక్షరాలు అవే. ఫోన్‌లో మెసేజీ పెడితే ఆ సాగదీతా పోతుంది, నవ్వూ పోతుంది.

మీ విషయంలో గొంతు మారలేదు, విన్నవాళ్లు మారారు. మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో వేళాకోళపు సంబంధాల గురించి రాశాడు: కొన్ని బంధాల్లో ఎగతాళి చేసే హక్కు ఒకరికి ఉంటుంది, కోపం తెచ్చుకోకూడదన్న కట్టుబాటు రెండోవారికి ఉంటుంది. ఆ ఒప్పందం ఆ ఇద్దరిదే. మీ బాల్యం తెలియని పిల్లలకు వినపడింది తిట్టొక్కటే. పైగా అక్కడ మీరు తిరిగి అనలేకపోయారు. నేను చూసేది ముఖ్యంగా అదే. తిరిగి అనగలిగినంతసేపే సరదా. పై అధికారులు 'చనువు కొద్దీ అన్నాను' అంటే నాకు ఒళ్లు మండేదీ అందుకే.

మీవాడికి ఆ మాట ఎందుకు గుచ్చుకోదో కూడా చెబుతాను. బ్రిటన్‌లోని కీల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్టీఫెన్స్ బృందం చల్లటి నీళ్లలో చెయ్యి పెట్టించి చూస్తే, తిట్టుమాట పలుకుతున్నప్పుడు జనం ఎక్కువసేపు ఓర్చుకోగలిగారని 2009లో తేలింది. రోజూ తెగ తిట్టేవాళ్లకు మాత్రం ఆ ఉపశమనం తగ్గుతుందని 2011లో వచ్చిన పరిశోధన చెప్పింది. వాడగా వాడగా మాట మొద్దుబారుతుందన్నమాట. మీవాడి నోట్లో అది ఎప్పుడో మొద్దుబారింది, ఆ పిల్లలకు ఇంకా పదునుగానే ఉంది.

కులాన్నీ, అంగవైకల్యాన్నీ, తల్లినీ అక్కచెల్లెళ్లనీ లాగే తిట్లను మాత్రం ఎంత ముద్దుగా అన్నా నేను ఒప్పుకోను. స్నేహం ఇద్దరిదీ, దెబ్బ అక్కడ లేనివాళ్లకా?

ఆ పిలుపు పూర్తిగా మానేయమని మీ స్నేహితుణ్ని అడక్కండి. 'మనిద్దరం ఉన్నప్పుడు నీ ఇష్టం, నా కింద వాళ్ల ముందు పేరు పెట్టి పిలువు' అనండి. ఇది మెసేజీలో వద్దు, ఎదురుగా కూర్చుని చెప్పండి. మళ్లీ అలాగే పిలిస్తే, నవ్వి ఊరుకోకుండా అక్కడికక్కడే 'ఇక్కడ వద్దురా' అనండి.