మెదడువాపు పరిశోధనను నమ్ముకుంటే బతుకు గడుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్‌లో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతోంది. మెదడువాపు వ్యాధి మీద పరిశోధన చేసే డాక్టరును అవుతానంటోంది. పీజీ చేసి ప్రాక్టీసు పెట్టుకోమని నేనంటున్నాను. పరిశోధనకు డబ్బు ఎవరిస్తారు? దాన్ని నమ్ముకుంటే ఇల్లు గడుస్తుందా?
– ఒక ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: మాస్టారూ, ముందు జీతం సంగతి చెప్తాను. మన దేశంలో ఈ జబ్బు మీద పనిచేసే డాక్టర్లలో ఎక్కువమంది వైద్య కళాశాలల్లో ఉద్యోగులే. నెల జీతం అక్కడి నుంచి వస్తుంది. గ్రాంటు, అంటే పరిశోధన కోసం బయటి సంస్థలిచ్చే సొమ్ము, పరీక్షలకు, కిట్లకు, ప్రాజెక్టు సిబ్బందికి పోతుంది. కాబట్టి గ్రాంటు రాని ఏడాది పొయ్యి వెలగదన్న భయం అక్కర్లేదు. కార్పొరేట్ ఆసుపత్రిలో న్యూరాలజిస్టుకు వచ్చేంత మాత్రం రాదు. ఆ మాట మీరూ అమ్మాయీ ఇప్పుడే మాట్లాడుకోండి.

మీ ఊరి పిల్లకు ఈ కోరిక పుట్టడం నాకు వింతగా లేదు. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపు లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు. 183 మంది చనిపోయారు. వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో ఎందరో తల్లులకు కడుపుకోత. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నమూనాలను పరీక్షించి, అందరూ అనుకున్నట్టు అది దోమకాటు జ్వరం కాదనీ, ఇసుక ఈగ వల్ల సోకే చండీపురా వైరస్ అనీ తేల్చింది. దానికి ఈనాటికీ టీకా లేదు, ప్రత్యేకమైన మందూ లేదు. ఆ పని ఎవరో ఒకరు చేయాలి కదా!

డబ్బు ఎవరిస్తారంటే, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇస్తుంది. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ ఇస్తుంది. దాని కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. వైద్యులకు ప్రత్యేకంగా ఫెలోషిప్పులున్నాయి. ఎంపికైన వారికి పరిశోధన ఖర్చుతోపాటు వ్యక్తిగత భృతి కూడా అందుతుంది. 2025లో కేంద్ర మంత్రివర్గం ఈ కార్యక్రమం మూడో దశకు ఆమోదం తెలిపింది. మొత్తం 1,500 కోట్ల రూపాయలు, అందులో 1,000 కోట్లు మన ప్రభుత్వానివి. పోటీ గట్టిదే, కానీ సొమ్ము లేక ఆగిపోయే రంగం కాదిది.

ఆ సొమ్ము ఎలా ఫలిస్తుందో ఒక ఉదాహరణ. ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ప్రాంతంలో ఏటా వానాకాలంలో పిల్లలు జ్వరం, మూర్ఛలతో చనిపోయేవారు. అంతా దోమల వల్ల వచ్చే జపనీస్ మెదడువాపు అనుకున్నారు. టీకాలు వేశాక కూడా మరణాలు ఆగలేదు. తర్వాత వెతికితే చాలామందిలో కనిపించింది స్క్రబ్ టైఫస్. చిన్న నల్లి లాంటి పురుగు కుడితే వచ్చే జ్వరం, ముదిరితే మెదడుకూ పాకుతుంది. కొందరి చంకలోనో గజ్జల్లోనో సిగరెట్టుతో కాల్చినట్టు ఒక నల్లటి పక్కు ఉంటుంది. చొక్కా విప్పి చూసే ఓపికున్న డాక్టరుకే అది కనబడుతుంది. మందు డాక్సీసైక్లిన్, చాలా చవక. ముదిరిన స్క్రబ్ టైఫస్‌కు అదొక్కటే చాలదనీ, అజిత్రోమైసిన్ కూడా కలిపి ఇస్తే మేలనీ వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) వైద్యుల నాయకత్వంలో 794 మంది రోగులపై జరిగిన అధ్యయనం 2023లో చూపించింది. ఖర్చు భరించింది ఇండియా అలయన్సే.

అన్ని మెదడువాపులూ క్రిముల వల్ల రావు. మన రోగనిరోధక శక్తే మెదడు మీద తిరగబడే రకం ఒకటుంది. నిన్నటిదాకా కాలేజీకి వెళ్లిన పిల్ల హఠాత్తుగా అరుస్తుంది, పొంతన లేకుండా మాట్లాడుతుంది. గాలి సోకిందని ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టిస్తారు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జోసెప్ దాల్మావ్ అనే నరాల వైద్యుడి బృందం 2007లో ఇలాంటి 12 మంది స్త్రీలను పరిశీలించి, మెదడు కణాల మీద సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలపై దాడిచేసే యాంటీబాడీలను గుర్తించింది. వారందరికీ టెరటోమా అనే కణితి ఉంది. సకాలంలో కణితి తీసి, స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇస్తే కోలుకునేవారు చాలామంది. ఈ రంగంలో పెద్ద సంగతులు మంచం పక్కనే మొదలయ్యాయని చెప్పడానికే ఇంత వివరం.

నా దృష్టిలో అసలు కొరత సమయానిది. మధ్యాహ్నం దాకా ఓపీ, తర్వాత వార్డు, రాత్రి డ్యూటీ. మెదడువాపుకు కారణం తెలుసుకోవడానికి వెన్ను నుంచి తీసిన నీరు సరైన చల్లదనంలో, సరైన చీటీతో ల్యాబుకు చేరకపోతే ఎంత గ్రాంటున్నా వృథా. అందుకే ఉద్యోగం ఎంచుకునేటప్పుడు జీతం కన్నా ముందు, పరిశోధనకు వారంలో ఎన్ని గంటలు వదిలిపెడతారో అడగమని చెప్పండి.

దారి పొడుగైనదే. ఎంబీబీఎస్ తర్వాత జనరల్ మెడిసిన్ లేదా పిల్లల వైద్యంలో ఎండీ మూడేళ్లు, ఆపైన న్యూరాలజీలో డీఎం అనే సూపర్ స్పెషాలిటీ చదువు ఇంకో మూడేళ్లు. బెంగళూరు నిమ్‌హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర, హైదరాబాద్ నిమ్స్ మంచి చోట్లు. బ్రిటన్‌లోని లివర్‌పూల్ బృందంతో కలిసి మెదడు ఇన్ఫెక్షన్ల మీద పనిచేసిన అనుభవం నిమ్‌హాన్స్‌కు ఉంది.

ఇప్పటికి ఒక్క పని చాలు. ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం ఐసీఎంఆర్ నడిపే స్వల్పకాలిక పరిశోధన పథకం ఎస్‌టీఎస్ ఉంది. దానికి దరఖాస్తు చేయించండి. రెండు నెలల పని, ఒక గైడు, కొద్దిపాటి భృతి. ‘జ్వరంతో, మూర్ఛతో వచ్చిన పిల్లల్లో ఎందరికి వెన్నునీటి పరీక్ష చేశారు, ఎన్ని గంటల్లో చేశారు?’ లాంటి చిన్న ప్రశ్న పట్టుకోమనండి. పిల్లల విభాగంలో ఓపికగా వినే ప్రొఫెసరు ఎవరో తోటి విద్యార్థులకు తెలిసే ఉంటుంది. ఈ వారమే వెళ్లి కలవమనండి.