మాటలో భావాన్ని పరిశోధించబోయే అమ్మాయికి

గుంటూరు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మాటను బట్టి మనిషి భావాన్ని కంప్యూటర్ గుర్తించే విధానాన్ని పిహెచ్‌డికి ఎంచుకున్నందుకు సంతోషం. నీ ప్రతిపాదనలో మోడల్ గురించి వివరంగా వ్రాశావు గాని, దానితో మాట్లాడబోయే మనిషి గురించి దాదాపు ఏమీ లేదు. పని అక్కడ మొదలుపెట్టమని నా సలహా.

తెలుగు డేటా కోసం నువ్వు దూరం వెళ్ళనవసరం లేదు. ఖరగ్‌పూర్ ఐఐటీ వారు 2009లో ప్రకటించిన సంకలనానికి గొంతులిచ్చినది మన విజయవాడ ఆకాశవాణి కళాకారులే. ఐదుగురు పురుషులు, ఐదుగురు స్త్రీలు 15 వాక్యాలను 8 భావాలతో మళ్ళీ మళ్ళీ పలకగా 12,000 రికార్డింగులు తయారయ్యాయి. దానిని తప్పక వాడు; అయితే అది నటించిన భావమని మరువకు. కళాకారుడి కోపం వినేవారికి తెలియాలనే పలికిన కోపం. కరెంటు బిల్లు తప్పుగా వచ్చిందని ఫోన్ చేసి, విసిగిపోయిన మనిషి కోపం చాలాసార్లు గొంతు తగ్గించి "సరేలెండి" అనడంలో ఉంటుంది. అటువంటి సహజ సంభాషణలను, మాట్లాడినవారికి తెలుగులో వివరించి, అనుమతి తీసుకుని, కొన్నయినా సేకరించు.

గొంతులోని శ్రుతి, బిగ్గరతనం, వేగం మనిషిలో ఉద్రేకం ఎంత ఉందో బాగానే చెబుతాయి. అది సంతోషమో కోపమో తేల్చడంలోనే తడబడతాయి. మన మిర్చి యార్డులో బేరమాడే నలుగురి మాటలు వినిపిస్తే యంత్రం అందరికీ కోపమని ముద్ర వేయవచ్చు, అక్కడ అది మామూలు గొంతు! కనుక ప్రతి మనిషి మామూలు ధోరణిని ముందు కొలిచి, దానితో పోల్చి చూడు. భావాల పేర్లు పెట్టే పని నువ్వొక్కదానివే చేయకుండా వేర్వేరు జిల్లాల శ్రోతలకు అప్పగించి, వారి ఏకాభిప్రాయం ఎంత ఉందో ఫ్లైస్ కప్పాతో, అంటే పలువురి తీర్పులు కాకతాళీయంగా కలిసేదానికి మించి ఎంత కలిశాయో చెప్పే కొలమానంతో, కొలువు. వారికి ఏకాభిప్రాయం కుదరని వాక్యాలను పారేయవద్దు, అసలు సమస్య వాటిలోనే ఉంటుంది. యంత్రానికి శిక్షణ ఇవ్వడానికి వాడిన మనిషి గొంతు దాన్ని పరీక్షించేటప్పుడు ఉండకూడదని వేరే చెప్పాలా? చాలా పరిశోధన పత్రాల్లో యంత్రం ఇంత సరిగ్గా గుర్తించిందని చెప్పే గొప్ప శాతాలను ఈ దృష్టితో చదువు.

భావం తెలిశాక యంత్రం ఏమి చేయాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు క్లిఫర్డ్ నాస్ బృందం 2005లో డ్రైవింగ్ సిమ్యులేటర్‌పై చేసిన ప్రయోగంలో, ఉత్సాహంగా ఉన్నవారికి ఉత్సాహపు గొంతు, కలతలో ఉన్నవారికి నెమ్మదైన గొంతు వినిపించినప్పుడు ప్రమాదాలు తగ్గాయి. ఎప్పుడూ హుషారుగా పలికే యంత్రమే మేలన్న నమ్మకాన్ని అది ప్రశ్నించింది. ఇక పని చేసేచోట, బడిలో మనుషుల భావాలను పసిగట్టే వ్యవస్థలను, వైద్య, భద్రతా అవసరాలు మినహా, ఐరోపా సమాఖ్య 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. నీ యంత్రం పొరబడితే నష్టం ఎవరికన్నది ప్రతిపాదనలోనే ఒక అధ్యాయంగా వ్రాయి.

దసరాకు వచ్చేటప్పుడు సవరించిన ప్రతి, కొన్ని రికార్డింగులు తీసుకురా. పెద్దమ్మకూ నాకూ విడివిడిగా వినిపించి పేర్లు పెట్టించు. మా ఇద్దరికీ కుదురుతుందని మాత్రం ఆశించకు.

ఆశీస్సులతో,
పెదనాన్న